బాలభటుని గుర్తులు

మనుష్యుడు బాల్యమునందు సంపాదించిన వస్తువులలో పెద్దతనము వఱకు నిలుచునవి మిక్కిలి కొలది. గోలీలు, బొంగరములు ఎచ్చటనో జారిపోవును; పలకలు పగులును; పుస్తకములు తమ్ములకో చెల్లెండ్రకో చేరును; చొక్కాలు పొట్టివగును. అయినను కొందఱి యిండ్లలో ఇనుపపెట్టె అడుగున, భూమి కాగితముల నడుమ, చిన్న రేకుడబ్బా యొకటి కానవచ్చును. దానిలో రెండు మూడు ఇత్తడి బిళ్ళలు, అంచులు పీచులేచిన గుండ్రని గుడ్డముక్కలు, రంగు వెలిసిన మెడరుమాలు, త్రాటికి కట్టిన ఈల యుండును. పాతసామానులవాడు వానికి గుప్పెడు బొరుగులైనను ఈయడు. కాని డెబ్బది యేండ్ల వృద్ధుడు వానిని చేతిలోనికి తీసికొన్నప్పుడు అతని ముఖము పండ్రెండేండ్ల బాలుని ముఖమువలె వెలుగును. వెలలేని వస్తువున కింతటి విలువ ఎట్లు కలిగినది?

ఆ గుర్తులు బాలభటోద్యమమునకు, అనగా స్కౌటు విద్యకు, సంబంధించినవి. అవి యెట్లు పుట్టినవో, వానిని పొందుటకు బాలురు ఏమి చేయవలసియుండెనో తెలిసికొన్నగాని ఈ ప్రశ్నకు సమాధానము దొరకదు.

ఈ విద్యను నెలకొల్పిన రాబర్టు బేడెన్ పవెల్ 1857వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీన లండను నగరమున జన్మించెను. ఆయన ఆంగ్లసైన్యమున అధికారిగా నుండెను. 1899లో దక్షిణాఫ్రికాయందు బోయరు యుద్ధము ప్రారంభమైనప్పుడు మెఫెకింగ్ అను చిన్న పట్టణమును శత్రువులు ముట్టడించిరి. ఆయన కొలదిపాటి సైన్యముతో 217 దినములు ఆ పట్టణమును కాపాడెను. పెద్దలు కావలి కాయుచుండగా పట్టణములోని బాలురు దళముగా ఏర్పడి వార్తలు చేరవేసిరి, ఆసుపత్రిలో సాయపడిరి. బాధ్యత నప్పగించినచో బాలుడు దానిని మోయగలడను సత్యము ఆయన మనస్సున నాటుకొనెను.

1907వ సంవత్సరము ఆగస్టు నెలలో ఆయన బ్రౌన్సీ అను దీవియందు ఒక ప్రయోగము చేసెను. ఇంచుమించు ఇరువదిమంది బాలురను అచ్చటికి కొనిపోయి, నాలుగు దళములుగా విభజించి, గుడారములలో నుంచెను. వారిలో సంపన్నుల పాఠశాలలలో చదువువారును, శ్రామికుల బిడ్డలును గలరు. అందఱును ఒకే కుండలోని కూడు తినిరి. ఒకే నిప్పుచుట్టు కూర్చుండిరి. ప్రతి బాలునకు ఒక ఇత్తడి పుష్పచిహ్నము లభించెను. కొన్ని పరీక్షలయందు నెగ్గిన పిదప, 'సంసిద్ధుడవై యుండుము' అను అర్థము గల మాటలు చెక్కిన ఇత్తడిపట్టీ దానికి తోడయ్యెను. స్కౌటు గుర్తుల చరిత్ర ఇచ్చటనే ఆరంభమైనది. మఱుసటి సంవత్సరము, 1908లో, ఆయన వ్రాసిన పుస్తకము భాగములుగా వెలువడగా, ఎవరును పిలువకయే బాలురు ఊరూర దళములు కట్టిరి. 1909లో లండనున జరిగిన సమావేశమునకు కొందఱు బాలికలు తామును స్కౌటులమే యనుచు వచ్చి నిలిచిరి. వారికొఱకు 1910లో గైడు సంస్థ ఏర్పడినది.

ఆ గుర్తులోని ప్రతి వంపునకును అర్థము గలదు. మూడు ఱేకుల పుష్పము పాతకాలపు దిక్సూచిపై ఉత్తరదిక్కును చూపు చిహ్నము. దారి తప్పనివాడును, పరులకు దారి చూపువాడును స్కౌటు అని దాని భావము. మూడు ఱేకులు స్కౌటు చేయు ప్రతిజ్ఞలోని మూడు భాగములను జ్ఞప్తికి తెచ్చును: దైవమునకును దేశమునకును తన ధర్మము నెఱవేర్చుట, పరులకు సాయపడుట, స్కౌటు నియమమును పాటించుట. క్రిందనున్న పట్టీ రెండు కొనలును చిరునవ్వు నవ్వు పెదవులవలె పైకి వంగియుండును. కష్టమునందును స్కౌటు ముఖము వాడరాదు గదా! ఆ పట్టీనుండి ఒక చిన్న ముడి వ్రేలాడుచుండును. ప్రతిదినము ఎవరికైనను ఒక్క మేలైనను చేయవలెనని హెచ్చరించుటకే ఆ ముడి. అంగవస్త్రపు కొంగున ముడివేసికొని పనిని జ్ఞాపకముంచుకొను మన పెద్దల అలవాటువంటిదే ఇది.

బేడెన్ పవెల్ ఏర్పఱచిన పద్ధతిలో మూడు మెట్లుండెను. మొదటి మెట్టువానికి పుష్పము మాత్రము, రెండవ మెట్టువానికి పట్టీ మాత్రము, మూడవ మెట్టువానికి రెండును కలిసిన గుర్తు నిచ్చుచుండిరి. రెండవ మెట్టు పరీక్షలు వినుటకు సులభములు, చేయుటకు కఠినములు. ఒక మైలు దూరమును కొంత నడచి, కొంత పరుగెత్తి, పండ్రెండు నిమిషములలో చేరవలెను. రెండు అగ్గిపుల్లలకు మించకుండ నిప్పు రాజేసి దానిపై వంట చేయవలెను. ఇరువదినాలుగు చిన్న వస్తువులను ఒక నిమిషము చూచి, మూసిన పిమ్మట పదునాఱింటినైనను చెప్పవలెను. తన పేర బ్యాంకులో ఆఱు పెన్సులైనను దాచియుండవలెను. మూడవ మెట్టునకు ఏడు మైళ్ళు పోయి, ఏడు మైళ్ళు తిరిగి వచ్చి, దారిలో చూచినదంతయు వ్రాసి చూపవలెను. ఇవిగాక వంట, ఈత, ప్రథమచికిత్స, ప్రకృతి పరిశీలనము మున్నగు ఒక్కొక్క విద్యకు ఒక్కొక్క గుండ్రని గుడ్డబిళ్ళ యుండును. దానిని చొక్కాచేతిపై కుట్టుకొందురు.

ఆ ఏడు మైళ్ళ ప్రయాణము ఎట్టిదో తెలియుటకు మన దేశములోని ఒక దారినే తీసికొనవచ్చును. నంద్యాల జిల్లాలో బనగానపల్లెకు సమీపమున, ఎఱ్ఱమల కొండల నడుమ యాగంటి క్షేత్రము గలదు. 1948వ సంవత్సరము వఱకు ఆ ప్రాంతము బనగానపల్లె నవాబుల సంస్థానము. పట్టణమునుండి క్షేత్రమునకు దూరము ఇంచుమించు పరీక్షలో చెప్పినంతయే. ఎనిమిదిమంది బాలుర దళమొకటి తెల్లవాఱుజామున బనగానపల్లెనుండి కాలినడకను బయలుదేరినదని ఊహింపుడు.

మొదటి గంటలోనే దళనాయకుని బుద్ధికి పరీక్ష కలుగును. రాయలసీమ ఎండ ఎవరిని మన్నించునది కాదు. సీసాలోని నీరంతయు మొదటి మైలుననే త్రాగినవాడు ఐదవ మైలున కూలబడును. కావున ఎప్పుడు ఎంత త్రాగవలెనో నాయకుడు నిర్ణయించును. దళమున అందఱికన్న చిన్నవాని నడకయే అందఱి నడక యగును. ముందు పోవువారు దారి చీలినచోట రాళ్ళతో బాణపుగుర్తు పేర్చి పోవుదురు. వెనుకవారు దానిని చూచి తప్పక వత్తురు. సూర్యుని బట్టియు, దిక్సూచిని బట్టియు, కొండకొనను బట్టియు ఒకడు దారిపటము గీయుచుండును. ఒకడు చేతిలోని కఱ్ఱను నిలువుగా నాటి చెట్టు ఎత్తు కనుగొనును. ఐదడుగుల కఱ్ఱకు నాలుగడుగుల నీడయున్నప్పుడు చెట్టు నీడ ఇరువది అడుగులుండెనేని చెట్టు ఎత్తు ఇరువదియైదడుగులని లెక్కకట్టును. తరగతిలో నేర్చిన నిష్పత్తి అతనికి ఆనాడు కంటికి కనబడును.

క్షేత్రము చేరిన పిదప చూడవలసినవి పెక్కు గలవు. అచ్చట శివపార్వతులు ఉమామహేశ్వరులుగా ఒకే శిలయందు పూజలందుకొనుచున్నారు. ఆలయము విజయనగర ప్రభువుల కాలమునాటిది. కొండనుండి దిగివచ్చు నీరు నంది నోటినుండి పుష్కరిణిలోనికి పడుచుండును.  వానజల్లులు రాతి నెఱ్ఱెలలో ఇంకి, లోపల నిలిచి, ఊటగా వెలికి వచ్చును. ఆ కొండలలో గుహలును గలవు. అగస్త్యగుహ, వేంకటేశ్వరగుహ, వీరబ్రహ్మముగారి గుహ అట్టివే. ఆలయములోని నంది నానాటికి పెరుగుచున్నదని జనులు నమ్ముదురు. అగస్త్యుని శాపముచే అచ్చటికి కాకులు రావని స్థలపురాణము చెప్పును. బాలభటుడు ఆ మాటలను శ్రద్ధతో వినును. వినుటతో ఆగక, నంది కొలతను తేదీతో వ్రాసికొనును. తాను చూచిన పక్షుల పేర్లను వరుసగా పట్టికలో చేర్చును. చూచినది చూచినట్లు, విన్నది విన్నట్లు వేఱువేఱుగా వ్రాయుటయే ప్రకృతి పరిశీలనపు బిళ్ళకు మొదటి పాఠము.

అగస్త్యగుహకు పోవు మెట్లు నిటారైనవి. అచ్చట ఎవని కాలైన మడతపడెనేని ప్రథమచికిత్స నేర్చినవాడు ముందునకు వచ్చును. అతని మెడరుమాలు అలంకారము కాదు. విప్పినచో అదియే మూడు మూలల కట్టుగుడ్డ. చీలమండకు కట్టువేసి, గాయపడినవాడు నడువలేనిచో రెండు కఱ్ఱలకు రెండు చొక్కాలు తొడిగి డోలీ చేయుదురు. గోతిలోనో బావిలోనో పడినవానికి త్రాడు వదలవలసివచ్చెనేని బౌలైన్ అను ముడి వేయుదురు. ఆ ముడితో చేసిన ఉచ్చు ఎంత లాగినను బిగిసి ఒంటిని నొక్కదు. రెండు సమమైన త్రాళ్ళను కలుపుటకు రీఫ్ అను ముడి వేఱుగా గలదు. ఒకదాని స్థానమున ఒకటి వేసినచో ప్రాణము పోవచ్చును. ఆ ముడి వేయుటను బాలుడు నూఱుసార్లు, చీకటిలోను, కన్నులు మూసికొనియు అభ్యసించియుండును. వేలెడు గుడ్డముక్క వెనుక ఇంతటి శ్రమ దాగియున్నది.

తిరిగి వచ్చునప్పుడు దళము తాను వంట చేసినచోట నిప్పును నీటితో ఆర్పి, బూడిదను మన్నుతో కప్పి, విస్తరాకులను పాతిపెట్టి, ఆ స్థలమును వచ్చినప్పటికంటె శుభ్రముగా విడిచిపోవలెను. అచ్చట తాము దిగిన జాడ కానరాకుండుటయే వారి గొప్ప.

ఇట్టి విద్య మన దేశమునకు సులభముగా దక్కలేదు. 1909లో కెప్టెన్ బేకర్ బెంగుళూరులో మొదటి స్కౌటు దళమును స్థాపించెను. 1911లో జబల్పూరులో గైడు దళము ఏర్పడెను. కాని ఆ దళములు ఆంగ్లేయుల బిడ్డలకును, ఆంగ్లో ఇండియను బాలబాలికలకును మాత్రమే. భారతీయ బాలుడు దూరమునుండి చూడవలసినదే. ఆ గుర్తును ధరించు హక్కు అతనికి లేకుండెను. రాజభక్తి లేనివారి చేతికి ఈ విద్య చిక్కరాదని పాలకుల శంక.

ఈ అవమానమును మన పెద్దలు మాటలతోగాక పనితో ఎదుర్కొనిరి. మద్రాసులో అనిబిసెంటు, జార్జి అరండేలు కలిసి భారతీయ బాలురకై వేఱొక స్కౌటు సంస్థను నెలకొల్పిరి. దానిలోని బాలురు తలపాగాలు ధరించిరి. మధ్యపరగణాలలో వివియన్ బోసు భారతీయ బాలురకు శిక్షణ నిచ్చెను. అలహాబాదున మదనమోహన మాలవ్యా, హృదయనాథ కుంజ్రూ, శ్రీరామ్ వాజ్‌పేయి 1918లో సేవాసమితి స్కౌటు సంస్థను స్థాపించిరి. కుంభమేళాయందు యాత్రికులకు సేవచేసిన సమితియే దానికి తల్లివేరు. 1921లో బేడెన్ పవెల్ భారతదేశమునకు వచ్చిన సందర్భమున అనిబిసెంటు సంస్థ ఆయన సంస్థలో కలిసినది. మాలవ్యాగారి సంస్థ విడిగానే నిలిచినది. 1937లో ఆయన మరల వచ్చినప్పుడు భారతీయుల శీలమును కించపఱచు వ్యాఖ్యలు చేసెనని పత్రికలలో వెలువడగా దేశమంతటను ఆగ్రహము పెల్లుబికెను. 1938లో హిందూస్థాన్ స్కౌటు సంస్థ ఏర్పడినది. విద్య మంచిదైనను, ఆత్మగౌరవమును విడిచి దానిని పొందరాదని ఆనాటివారు నిశ్చయించిరి.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప ఈ చీలికలకు కారణము లేకపోయెను. 1950వ సంవత్సరము నవంబరు 7వ తేదీన ఉభయసంస్థలును కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అను ఒక్క సంస్థగా రూపొందినవి. 1951 ఆగస్టు 15వ తేదీన బాలికల గైడు సంస్థయు దానిలో చేరినది. కొత్త సంస్థ కొత్త గుర్తును ధరించినది. స్కౌటుల పుష్పము, గైడుల మూడు ఱేకుల ఆకు ఒకటితో నొకటి కలిసి, నడుమ ఇరువదినాలుగు ఆకుల అశోకచక్రము వెలసినది. నేడు ఆ సంస్థలో ప్రవేశము, ప్రథమసోపానము, ద్వితీయసోపానము, తృతీయసోపానము అను మెట్లు గలవు. ఆపైన రాజ్యపురస్కారము, దానికిని పైన రాష్ట్రపతి పురస్కారము నిలిచియున్నవి. ఒకనాడు కిరీటపు ముద్రకై పాటుపడిన బాలుడు నేడు తన దేశపు ప్రథమపౌరుని పేర పురస్కారమును పొందుచున్నాడు.

మేళాలో పుట్టిన సేవాభావమునకు మేళాలే తగిన పరీక్షాస్థలములు. మహాశివరాత్రినాడు యాగంటివంటి క్షేత్రమున జనము క్రిక్కిఱిసియుందురు. తల్లి చేయి జాఱిన పిల్ల ఏడ్చుచుండును. వృద్ధురాలు మెట్లు దిగలేక నిలిచిపోవును. దాహముతో ఒకడు సొమ్మసిల్లును. అట్టి సమయమున దిక్కుతోచనివారు మొదట వెదకునది ముఖమును కాదు, గుర్తును. మెడలో రుమాలు, చొక్కాపై చిహ్నము గల బాలుని చూడగానే, 'నాయనా, మా బిడ్డ కనబడుట లేదు' అని ఎఱుగని తల్లి నిస్సంకోచముగా చెప్పుకొనును. ఆ బాలుని పేరు ఆమెకు తెలియదు, ఊరు తెలియదు, కులము తెలియదు. అయినను నమ్మును. అంతకుముందు ఆ గుర్తును ధరించినవారందఱు సంపాదించిన నమ్మకమది. దానిని ధరించినవాడు ఆ పిల్లను తల్లి యొడికి చేర్చినచో ఆ నిధి పెరుగును. ముఖము త్రిప్పుకొని పోయినచో తఱుగును. గుర్తు ధరించుటయనగా పదిమంది అప్పును తలకెత్తుకొనుట.

స్కౌటులు పెద్దసంఖ్యలో కూడు సమ్మేళనమునకు జాంబోరీ యని పేరు. మొదటి ప్రపంచ జాంబోరీ 1920లో లండనున జరిగినది. ఏకమైన భారతసంస్థయొక్క మొదటి జాతీయ జాంబోరీ 1953లో మన హైదరాబాదుననే జరిగినది. ఇట్టి సమ్మేళనములయందు బాలురు తమ ప్రాంతపు గుడ్డబిళ్ళలను ఇచ్చి, పరప్రాంతపు వారివానిని పుచ్చుకొందురు. భాష తెలియని ఇద్దఱు బాలురకు ఆ మార్పిడియే సంభాషణము. అయితే ఇందు ఒక మర్యాద గలదు. స్నేహపు బిళ్ళలను మార్చుకొనవచ్చును గాని, పరీక్షలో నెగ్గి పొందిన గుర్తును ఇచ్చుటగాని పుచ్చుకొనుటగాని తగదు. స్నేహమును పంచుకొనవచ్చును, శ్రమను పంచుకొనుట ఎట్లు?

బిళ్ళలు కూడబెట్టవలెనను ఆశతో, విద్యను మఱచి పరీక్షలవెంట పరుగెత్తు బాలురు ఆనాడును ఉండిరి. బేడెన్ పవెల్ ఈ వేటను మెచ్చుకొనలేదు. గుర్తు బాలునకు ఉత్సాహము కలిగించుటకేగాని అతడు పండితుడని చాటుటకు కాదని ఆయన ఉపాధ్యాయులకు బోధించెను. మందబుద్ధియైన బాలుడు చేసిన ప్రయత్నమునకును విలువ కట్టవలెనని ఆయన మతము. ఈతబిళ్ళ చొక్కాపై నుండగా నీట మునుగువానిని చూచి గట్టున నిలిచినవానికంటె, బిళ్ళ లేక దూకినవాడే స్కౌటు.

పెద్దలైన శిక్షకులకును ఒక గుర్తు గలదు. అది బంగారము కాదు, వెండి కాదు. తోలుత్రాటికి గ్రుచ్చిన రెండు చిన్న కొయ్యపూసలు. దక్షిణాఫ్రికానుండి తాను తెచ్చిన పూసలదండలోనివానిని బేడెన్ పవెల్ 1919లో గిల్వెల్ శిక్షణకేంద్రమున నెగ్గినవారి కిచ్చెను. నాటినుండి ఆ ఆచారము లోకమంతటను నిలిచినది. మనదేశపు శిక్షకులు పచ్‌మఢీయందలి జాతీయ శిక్షణకేంద్రము వంటి చోట్ల ఈ విద్య నేర్చుకొందురు.

బాల్యపు గుర్తులు పెద్దలకు ప్రియమగుటకు కారణమిప్పుడు స్పష్టమగుచున్నది. బాలునకు పేరు తండ్రి యిచ్చినది. బట్టలు తల్లి కొన్నవి. పుస్తకము గురువు ఇచ్చినది. ఎవరును ఈయక, తన కాళ్ళతో నడచి, తన చేతులతో ముడివేసి, తన కన్నులతో చూచి పొందిన మొదటి వస్తువు ఆ గుర్తు. తరగతిలో కడపటివాడును అందులో మొదటివాడు కావచ్చును. జమీందారుని కొడుకునకును, కూలివాని కొడుకునకును నిప్పు రాజేయుటకు అగ్గిపుల్లలు రెండే. అందుచేతనే జీవితమున తరువాత ఎన్ని బిరుదులు లభించినను, ఆ మొదటి గుర్తు మాసిపోదు. గుడ్డ వెలిసినను వ్రేళ్ళు ముడిని మఱువవు. ఏబదియేండ్ల పిమ్మట త్రాడు చేతికిచ్చినను, మనస్సు ఆలోచించులోపల చేయి ముడి వేయును.

స్కౌటులు దారిలో విడుచు గుర్తులలో ఒకటి వలయము, దాని నడుమ చుక్క. 'నా పని ముగించి ఇంటికి పోయితిని' అని దాని యర్థము. 1941వ సంవత్సరము జనవరి 8వ తేదీన కెన్యాదేశమున మరణించిన బేడెన్ పవెల్ సమాధిపై ఆ గుర్తునే చెక్కిరి. పని ముగియకుండ ఆ గుర్తు గీయుటకు స్కౌటునకు అనుమతి లేదు.

పాతగుర్తులను ప్రేమతో దాచుకొనుట తప్పు కాదు. కాని వానిని చూచి నిట్టూర్చుటతో వాని పని తీఱదు. పట్టీక్రింద వ్రేలాడు చిన్నముడి అడుగునది ఒక్కటే: 'ఈ దినమున ఎవరికి ఏమి మేలు చేసితివి?' ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాడు, చొక్కాపై బిళ్ళ యున్నను లేకున్నను, స్కౌటే యగును.